కథని కంచికి చేర్చండి

ఫోన్లో సీరియల్ రాసే ఆడవాళ్ళంటే మన చుట్టూ చాలామందికి ఎందుకో ఒక చిన్నచూపు. "ఏదో టైంపాస్‌కి రాసుకుంటుందిలే" అంటారు ఇంట్లోవాళ్ళు. "అదీ ఒక రచనేనా?" అంటారు నాలుగు పుస్తకాలు చదివినవాళ్ళు. ఆ మాటలు విని విని, రాసేవాళ్ళు కూడా "ఏదో నాకొచ్చినట్టు గిలుకుతున్నానండీ" అని తమని తామే తగ్గించుకుని మాట్లాడుతుంటారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంటర్నెట్లో సీరియల్ రాయడం రచయిత్రి కావడానికి మంచి దారే. ఇల్లు వదిలి కదలడానికి వీల్లేని ఆడదానికి ఇంతకంటే దగ్గరి దారి నాకు కనబడలేదు కూడా. కానీ ఆ దారిలో మనల్ని రచయిత్రిగా నిలబెట్టేది వ్యూసూ కాదు, స్టిక్కర్లూ కాదు, ఫాలోవర్ల సంఖ్యా కాదు. మొదలుపెట్టిన కథని ముగించడం. మన పెద్దవాళ్ళు కథ చెప్పి చివర్లో "కథ కంచికి, మనం ఇంటికి" అనేవారు కదా, ఆ మాటలో ఉన్నదే ఇవాళ కొత్తగా రాసేవాళ్ళకి అన్నిటికంటే కష్టంగా ఉంది.

ముందు ఆ చిన్నచూపు సంగతి చూద్దాం. సీరియల్ అంటే తక్కువ రకం అనుకునేవాళ్ళకి ఒకటి గుర్తు చెయ్యాలి. తెలుగులో తొలి నవలగా చాలామంది చెప్పుకునే కందుకూరి వీరేశలింగం పంతులుగారి 'రాజశేఖర చరిత్రము' 1878లో ఆయన పత్రిక 'వివేకవర్ధని'లో భాగాలు భాగాలుగానే వచ్చింది. పుస్తకం అయింది తర్వాత. అంటే మన నవల పుట్టిందే సీరియల్‌గా.

ఇక 1960, 70ల సంగతి మన అమ్మల్ని అడిగితే చాలు. వారపత్రిక ఇంటికి రాగానే ముందు ఎవరు చదవాలని తగువులు. కోడూరి కౌసల్యాదేవిగారి 'చక్రభ్రమణం' ఆంధ్రప్రభ వారపత్రిక నవలల పోటీలో బహుమతి గెలిచింది. అదే 1964లో 'డాక్టర్ చక్రవర్తి' సినిమా అయి, తొలి ఏడాది నంది బహుమతి అందుకుంది. యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ' పత్రికలో సీరియల్‌గా వచ్చి, పుస్తకంగా మళ్ళీ మళ్ళీ అచ్చయి, 1976లో సినిమా కూడా అయింది. రంగనాయకమ్మ, వాసిరెడ్డి సీతాదేవి, మాదిరెడ్డి సులోచన, మాలతీ చందూర్, లత... ఒక్కొక్కరిదీ ఒక్కో గొంతు. ఆడవాళ్ళ పేరు ఉంటేనే నవల అమ్ముడుపోతుందని కొందరు మగ రచయితలు ఆడపేర్లు పెట్టుకుని రాసిన కాలం అది! మనం ఏ వరసలో కూర్చున్నామో తెలుసుకుంటే "ఏదో గిలుకుతున్నాను" అనే మాట నోట్లోంచి రాదు.

మరి అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటి? అప్పుడు మనకీ పాఠకులకీ మధ్య ఒక సంపాదకుడు ఉండేవాడు. తెల్లకాగితానికి ఒకవైపే రాసి, తిరుగు టపాకి స్టాంపులు పెట్టి పంపి, నెలల తరబడి ఎదురుచూడాలి. తిరిగొచ్చిన కవరు పోస్టుమాను చేతిలో చూసి గుండె జారడం కూడా అందులో భాగమే. ఇప్పుడు ఆ బాధ లేదు. 2014లో బెంగళూరులో మొదలైన ప్రతిలిపి లాంటివి వచ్చాక, తెలుగులో టైపు చెయ్యడం వస్తే చాలు. అదీ రాకపోతే ఫోనుకి నోటితో చెబితే అదే రాసిపెడుతుంది. ఉదయం రాసింది సాయంత్రానికి ఎవరో ఊరు తెలియని అమ్మాయి చదివి ఏడుస్తుంది. ఎవరి దయా అక్కర్లేదు. పెద్ద చదువు అక్కర్లేదు. ఊరి పెద్దల పరిచయం అక్కర్లేదు. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళు, నాలుగు గోడల మధ్య మాట్లాడే మనిషి లేక గడిపిన మధ్యాహ్నాలు ఎలా ఉంటాయో ఎరగనివాళ్ళు.

కానీ సంపాదకుడితో పాటు ఒకటి పోయింది. "అమ్మా, మూడో ప్రకరణం అనవసరం, తీసెయ్యి" అని చెప్పే మనిషి పోయాడు. "ఈ పిల్ల మొదట్లో ధైర్యంగా ఉంది, మధ్యలో ఎందుకు నీరుగారిపోయింది?" అని అడిగే మనిషి పోయాడు. ఇప్పుడు పబ్లిష్ మీట నొక్కడానికీ రాయడానికీ మధ్య ఎవరూ లేరు. ఆ మనిషి చేసే పని ఇప్పుడు మనమే చెయ్యాలి, లేదా ఒకరిని వెతుక్కోవాలి. మెచ్చుకునే స్నేహితురాలు కాదు, "నాకు ఇక్కడ బోరు కొట్టింది" అని మొహమాటం లేకుండా చెప్పే మనిషి ఒక్కరు ఉంటే చాలు. వెయ్యిమంది ఫాలోవర్లకంటే ఆ ఒక్కరే ఎక్కువ నేర్పిస్తారు.

రివ్యూల మాటకొద్దాం. "సూపర్ సిస్, నెక్స్ట్ పార్ట్ ఎప్పుడు?" అనే మాట చూస్తే ఎవరికైనా కడుపు నిండుతుంది. ఇంట్లో చేసిన కూరకి "బావుంది" అనే మాట కూడా కరువైన ఆడదానికి అది ఎంత తీపో నాకు తెలుసు. దాన్ని వద్దని ఎవరు చెప్పినా నేను ఒప్పుకోను. కానీ ఆ మాట మన రాతలో ఏది బావుందో చెప్పదు, ఏది బావులేదో అసలే చెప్పదు. కథ తర్వాత ఏమవుతుందో తెలుసుకోవాలని ఉందని మాత్రం చెబుతుంది. అది మంచి గుణమే, అయితే సీరియల్‌కి కావలసిన గుణాల్లో అది ఒక్కటి.

అంకెలు కూడా అంతే. మొదటి భాగం చదివినవాళ్ళందరూ ఐదో భాగానికి ఉండరు. అది చూసి దిగులుపడి మానేసినవాళ్ళు ఎంతమందో. ఏ సీరియల్‌కైనా మొదట తొంగిచూసినవాళ్ళలో చాలామంది వెళ్ళిపోతారు, కూర్చున్నవాళ్ళే చివరిదాకా ఉంటారు. అంకెలని ఒక్క పనికి వాడుకోవచ్చు: ఏ భాగం దగ్గర ఒక్కసారిగా జనం తగ్గారో చూడండి. ఆ భాగం మళ్ళీ మీరే పైకి చదువుకోండి. చాలాసార్లు అక్కడ కథ ఆగి, మాటలు మాత్రం నడుస్తూ ఉంటాయి. అంతకుమించి అంకెల జోలికి పోకండి. పొద్దున లేవగానే పాలు పొంగుతున్నాయా లేదా చూడాల్సినదానివి, వ్యూస్ పెరిగాయా లేదా చూస్తూ కూర్చుంటే పాలూ పోతాయి, కథా పోతుంది.

ఇప్పుడు అసలు విషయం. సాగదీత.

రోజుకో భాగం పెట్టాలి, పెట్టకపోతే పాఠకులు వెళ్ళిపోతారు అనే భయం ఒకటి కొత్తవాళ్ళని పట్టుకుంటుంది. భాగాలు ఎక్కువైతే నాలుగు రూపాయలు వస్తాయనే ఆశ ఇంకోటి. రెండూ కలిసి కథకి నీళ్ళు పోస్తాయి. చారులో నీళ్ళు పోస్తే ఇద్దరు చుట్టాలకి సరిపోతుంది కానీ, ఇరవైమందికి పోస్తే అది చారని ఎవరనుకుంటారు? టీవీ సీరియల్‌ని తిట్టుకుంటూ చూస్తాం మనం. ఒక గది తలుపు తెరవడానికి మూడు రోజులు, ఒక నిజం చెప్పడానికి మూడు నెలలు. అదే పని మన చేత్తో మనం చేస్తే ఎలా?

మా చిన్న తోడికోడలు సంగతి చెబుతాను, తనే రాయమంది. పిల్లవాడు బడికి వెళ్ళడం మొదలుపెట్టాక తను ఒక సీరియల్ మొదలుపెట్టింది. ఉమ్మడి కుటుంబం, ఇద్దరన్నదమ్ములు, ఒక పొలం తగాదా, ఆ ఇంటికి కోడలిగా వచ్చిన ఒక లెక్కల టీచరు. మొదటి ఇరవై భాగాలు ఎంత బాగా రాసిందంటే, మా అత్తయ్యగారు కూడా కళ్ళజోడు పెట్టుకుని "ఆ పొలం ఎవరికొచ్చిందే?" అని అడిగేవారు. తర్వాత పాఠకులు "ఇంకా రొమాన్స్ కావాలి సిస్" అన్నారు. ఒక పాత ప్రియుడు వచ్చాడు. "విలన్ లేడేంటి" అన్నారు. హీరోకి ఒక మేనత్త వచ్చింది. ఆ మేనత్తకి గతం ఒకటి వచ్చింది. నూటపన్నెండో భాగానికి పొలం ఏమైందో, టీచరు ఉద్యోగం ఏమైందో ఎవరికీ పట్టలేదు. ఒకరోజు వంటింట్లో నా పక్కన నిలబడి, "అక్కా, ఆ పిల్లని ఎక్కడ వదిలేశానో నాకే గుర్తులేదు" అంది. ఆ తర్వాత తను ఆ కథ ముట్టలేదు. దాదాపు ఏడాదిపాటు అసలు ఏమీ రాయలేదు.

నన్ను బాధపెట్టింది సీరియల్ ఆగిపోవడం కాదు. "నాకు రాయడం రాదక్కా" అని తను నమ్మేయడం. తనకి రాయడం వచ్చు. ఆ ఇరవై భాగాలే సాక్ష్యం. తను చెయ్యనిది ఒక్కటే, కథ ఎక్కడికి పోవాలో బయల్దేరకముందు అనుకోకపోవడం. సగంలో వదిలేసిన ప్రతి సీరియల్ వెనకా ఇలాంటి ఒక అమ్మాయి ఉంటుంది. చదివేవాళ్ళకి ఒక కథ పోతుంది, అంతే. ఆ అమ్మాయికి మాత్రం తనమీద తనకున్న నమ్మకం పోతుంది. ముగించడం గురించి నేనింత పట్టుపట్టేది అందుకే.

తర్వాత తను మళ్ళీ రాసింది. ఈసారి పన్నెండు భాగాలే. చివరి భాగం ఒక పేజీలో ముందే రాసి బియ్యం డబ్బా మూత లోపలివైపు అంటించుకుంది. ఎందుకే అంటే, "రోజూ తీస్తాను కదక్కా, రోజూ కనబడుతుంది" అంది. పాఠకులు ఎన్ని అడిగినా, ఆ పేజీకి దారితీసే మాటయితే తీసుకుంది, లేకపోతే నవ్వి ఊరుకుంది. పన్నెండో భాగం కింద "సమాప్తం" అని రాసిన రోజు పాయసం చేసింది. ఆ కథకి చదివినవాళ్ళు తక్కువే. కానీ ఆ కథ తర్వాత తను రచయిత్రి.

ముగింపు ముందే తెలిసి ఉండటంలో ఎంత బలం ఉందో చెప్పడానికి ఒక పాత ఇంగ్లీషు రచయిత్రిని తలుచుకోవాలి. ఎలిజబెత్ గాస్కెల్ అని, మాంచెస్టర్‌లో ఒక చర్చి బోధకుడి భార్య, నలుగురు ఆడపిల్లల తల్లి. ఆవిడ 'నార్త్ అండ్ సౌత్' నవల 1854 సెప్టెంబరు నుంచి 1855 జనవరి దాకా, చార్లెస్ డికెన్స్ నడిపే వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. వారం వారం ఇంతే ఉండాలనే కొలతతో ఆవిడ చాలా అవస్థపడింది. చివర్లో కథని హడావుడిగా ముగించాల్సి వచ్చింది. అయితే ముగించింది. తర్వాత పుస్తకంగా వేసేటప్పుడు ఆ చివరి భాగాన్ని పెంచి, కొత్త ప్రకరణాలు కలిపి, తనకి నచ్చినట్టు సరిచేసుకుంది. మనకి ఇందులో రెండు సంగతులున్నాయి. సీరియల్‌గా వచ్చిందే ఆఖరి రూపం కానక్కర్లేదు, తర్వాత దిద్దుకోవచ్చు. కానీ దిద్దుకోవాలంటే ముందు పూర్తయిన కథ ఒకటి చేతిలో ఉండాలి.

ఆవిడ ఆఖరి నవల 'వైవ్స్ అండ్ డాటర్స్' పత్రికలో వస్తుండగానే 1865 నవంబరులో ఆవిడ చనిపోయింది. కథ ఎలా ముగించాలనుకుందో పత్రిక సంపాదకుడు ఒక చిన్న మాటగా రాసి పాఠకులకి చెప్పాడు. రాసే మనిషి పోయినా పాఠకులు దిక్కులేనివాళ్ళు కాలేదు. ఆవిడ కథకి చివర ఉందని ఆవిడకి తెలుసు కాబట్టే కదా!

అందుకని కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నాలుగు మాటలు చెబుతాను. పెద్ద శాస్త్రమేమీ కాదు, ఆవకాయ పెట్టేముందు జాడీ ఆరబెట్టుకోవడం లాంటిదే.

మొదటి సీరియల్ పది, పన్నెండు భాగాలకి మించకుండా అనుకోండి. నూరు భాగాల కథ నాలుగోదో ఐదోదో కావాలి. చివరి భాగంలో ఏం జరుగుతుందో ఒక పేజీ రాసిపెట్టుకోండి. మధ్యలో మారితే మారనివ్వండి, కానీ ఆ పేజీ కూడా మార్చి మళ్ళీ రాసుకోండి. మొదటి భాగం పబ్లిష్ చేసేనాటికి కనీసం సగం కథ ఫోన్లో సిద్ధంగా ఉండాలి. మన ఇళ్ళలో ఎప్పుడు ఎవరికి జ్వరం వస్తుందో, ఎప్పుడు ఆడపడుచు పురిటికి వస్తుందో, ఎప్పుడు పిల్లల పరీక్షలు మీద పడతాయో తెలియదు. నిల్వ ఉన్నవాళ్ళే నిలబడతారు.

రోజూ పెట్టాల్సిన పని లేదు. వారానికి రెండు రోజులు, చెప్పిన రోజున చెప్పినట్టు పెడితే పాఠకులు ఎక్కడికీ పోరు. పాలవాడు రోజూ వస్తాడు, కూరగాయల సంత వారానికోసారి వస్తుంది. రెండింటికీ ఎదురుచూస్తాం.

ఒక పాత నోటుబుక్కు తీసుకుని మనుషుల వివరాలు రాసుకోండి. హీరోయిన్ అత్తగారి పేరు, ఎవరి వయసెంత, ఎవరు ఏ ఊరు, పెళ్ళి ఏ నెలలో అయింది. ఆషాఢంలో పెళ్ళి చేసేస్తే మన పాఠకులు వదులుతారా? రాసింది పైకి చదువుకోండి. నాలుక తడబడిన చోట వాక్యం బాలేదని అర్థం. ఇక చదవడం. చాలామంది కొత్తవాళ్ళు తాము రాసే యాప్‌లో వచ్చేవే చదువుతున్నారు. ఒకే ఇంటి వంట తిని పెరిగిన నాలుకలా తయారవుతుంది అప్పుడు. గ్రంథాలయానికి వెళ్ళండి. కథల సంపుటాలు చదవండి, చిన్నకథలో ఎంత తక్కువలో ఎంత చెప్పవచ్చో తెలుస్తుంది. మాలతీ చందూర్‌గారు 'పాత కెరటాలు' పేరుతో ప్రపంచంలోని గొప్ప నవలలని మనకి తెలుగులో పరిచయం చేసిపెట్టారు. అది చదివితే ఒక నవలకి మొదలూ తుదీ ఎలా ముడిపడతాయో తెలుస్తుంది.

ఇంకో సంగతి ఉంది, కొందరికి నచ్చకపోవచ్చు. అయినా చెప్పాలి. ఎక్కువ వ్యూస్ వచ్చే సీరియల్స్ చూస్తే ఒక మూస కనబడుతుంది. హీరో కోటీశ్వరుడు, కోపిష్టి. హీరోయిన్‌ని బలవంతంగా పెళ్ళి చేసుకుంటాడు, చెంప పగలగొడతాడు, గదిలో పెట్టి తాళం వేస్తాడు. ఆ తర్వాత ఒక రాత్రి జ్వరం వస్తే తడిగుడ్డ వేస్తాడు. దానికే ఆ పిల్ల అతన్ని ప్రేమిస్తుంది. రాసేది ఆడవాళ్ళు, చదివేది ఆడవాళ్ళు.

"అది కథే కదా, కాసేపు వేరే లోకంలో ఉంటాం, నిజమని ఎవరనుకుంటారు?" అంటారు. ఈ మాటని కొట్టిపారెయ్యను. రోజంతా చాకిరీ చేసినవాళ్ళకి ఊహలోనైనా ఒక రాజకుమారుడు కావాలంటే కాదనడానికి మనమెవరం? పెళ్ళై పదిహేనేళ్ళైన మనం అది చదివి, నవ్వుకుని, లేచి పప్పు తాలింపు వేసుకోగలం. కానీ అదే ఫోను పదిహేడేళ్ళ పిల్ల చేతిలో కూడా ఉంది. కొట్టినవాడే చివరికి ఎక్కువ ప్రేమిస్తాడని నూరు భాగాలు చదివిన పిల్లకి, రేపు ఒకడు నిజంగా చెయ్యెత్తితే అది ప్రేమ కాదని ఎవరు చెబుతారు?

క్రూరత్వం రాయొద్దని నేననను. మన ఇళ్ళలో ఉన్నదే, రాయాలి కూడా. రాసినప్పుడు దాన్ని దాని పేరుతోనే పిలవండి అంటాను. ఆ చెంపదెబ్బ తిన్న పిల్లకి ఎలా ఉందో రాయండి. మర్నాడు పనిమనిషి ముందు మొహం ఎలా దాచుకుందో రాయండి. వాడు మారితే ఎందుకు మారాడో, అందుకు ఏం పోగొట్టుకున్నాడో రాయండి. ఆ పిల్ల క్షమించకుండా వెళ్ళిపోతే, అది కూడా ఒక ముగింపే. ఇలా రాస్తే వ్యూస్ తగ్గవచ్చు. కానీ ఆ ఒక్క పిల్లకి మీ కథ పనికొస్తుంది.

డబ్బు, హక్కుల సంగతి కూడా మనం తెలుసుకుని ఉండాలి. "మనకెందుకులే" అనుకోకండి. మీరు రాసిన కథ రాసిన క్షణం నుంచీ మీదే. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం ప్రకారం దాన్ని ఎక్కడా రిజిస్టరు చెయ్యకపోయినా హక్కు మీకుంటుంది. మీ జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు, అంటే మీ పిల్లలకీ దక్కుతుంది. హక్కులు ఇంకొకరికి రాసివ్వాలంటే కాగితం మీద, మీ సంతకంతో ఉండాలి. ఎంతకాలానికో అందులో రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్ళుగానే లెక్కిస్తుంది. కాబట్టి ఎవరైనా "ఇక్కడ సంతకం పెట్టండి మేడమ్, ఫార్మాలిటీ" అంటే, ఏ హక్కు, ఎన్నేళ్ళకి, ఎంతకి అని అడగండి. చదువుకోడానికి ఇవ్వడం వేరు, ఆడియో చెయ్యడం వేరు, సినిమా తియ్యడం వేరు. చీర కొనేటప్పుడు అంచు, కొంగు, జాకెట్టు ముక్క అన్నీ విప్పి చూసే మనం, కథ ఇచ్చేటప్పుడు కళ్ళు మూసుకుని ఇవ్వడం ఎందుకు?

కథలని అడగకుండా తీసుకుని చదివి యూట్యూబ్‌లో పెట్టేవాళ్ళు కూడా ఉన్నారు. నాకు తెలిసిన ఒకావిడ తన కథని బస్సులో పక్కసీటావిడ ఫోన్లో విన్నది, రచయిత్రి పేరు లేకుండా! అలాంటప్పుడు కాపీరైట్ ఫిర్యాదు పెట్టే దారి యూట్యూబ్‌లోనే ఉంది. మీరు ముందు రాశారని చూపించడానికి, ప్రతి భాగం మీ ఈమెయిల్‌కి మీరే పంపుకుని తేదీతో దాచుకోండి.

చివరిగా ఇంటి సంగతి. "పనంతా అయ్యాక రాసుకో" అంటారు మనవాళ్ళు, మంచి మనసుతోనే అంటారు. పని ఎప్పుడు అయిందండీ మనకి? గిన్నెలు కడిగేసరికి టీ టైము, టీ అయ్యేసరికి పిల్లలు, వాళ్ళు పడుకునేసరికి రేపటి ఇడ్లీ పిండి. పనయ్యాక రాయాలనుకున్న ఆడది ఎప్పటికీ రాయదు. అందుకే రోజులో ఒక గంట అడిగి తీసుకోండి. దొంగచాటుగా బాత్రూంలో కూర్చుని రాయొద్దు. "నాలుగు నుంచి ఐదు నేను రాసుకుంటాను, తలుపు కొట్టకండి" అని ఇంట్లో అందరికీ చెప్పండి. మొదటి వారం నవ్వుతారు. రెండో వారం మర్చిపోయి తలుపు కొడతారు. మూడో వారం టీ వాళ్ళే పెట్టుకుంటారు, కొంచెం పంచదార ఎక్కువ వేసుకుని. ఇంటికి కొంపేమీ మునగదు.

కలంపేరు పెట్టుకుంటారా, సొంత పేరే పెడతారా అన్నది మీ ఇష్టం. అత్తింటివాళ్ళు చదువుతారని భయపడి పేరు మార్చుకున్నవాళ్ళని నేను తప్పుపట్టను. పేరు మార్చుకున్నా మాట మాత్రం మార్చుకోకండి. మనం చూసిన జీవితం, మన ఊరి మాట, మన వంటింటి కిటికీలోంచి కనబడే వీధి, అవన్నీ మనకి తప్ప ఇంకెవరికీ తెలియవు. పెద్ద పెద్ద బంగళాలు, విదేశీ కార్లు మనం చూడనివి. చూడనిదాన్ని రాస్తే సినిమాలో చూసిందే రాస్తాం. చూసిందాన్ని రాస్తే ఎవరూ రాయనిది రాస్తాం.

ఇది చదువుతున్నవాళ్ళలో ఎవరి ఫోన్లోనైనా సగంలో ఆగిన కథ ఒకటి ఉందనుకోండి. కొత్తది మొదలుపెట్టకండి. ముందు ఆ పాతదాన్ని తియ్యండి. నూరు భాగాలు అక్కర్లేదు, మూడు భాగాల్లో ముగించండి. ఆ పొలం ఎవరికొచ్చిందో, ఆ టీచరు ఉద్యోగం ఏమైందో చెప్పండి. ఎక్కడో ఒకావిడ ఇంకా దాని కోసం ఎదురుచూస్తూ ఉంటుంది, మా అత్తయ్యగారిలాగా. "సమాప్తం" అని రాసి, ఆ పూట పాయసం చేసుకోండి. రెండో కథ సంగతి మర్నాడు చూసుకోవచ్చు.